కంప్యూటరు వ్యవస్థను మార్చుట యెప్పుడు?



2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టు సంస్థ తన సాధారణ పోషణమును ముగించినది. మహానగరములలోని పెద్ద కార్యాలయములకు ఇది యొక లెక్కలోనిది కాదు. యంత్రముల యోగక్షేమములు చూచుటకై వారికి జీతములు పుచ్చుకొను ఉద్యోగులు గలరు. మార్కాపురము, కంభము, గిద్దలూరు, యర్రగొండపాలెము వంటి మన పాత ప్రకాశము జిల్లా పడమటి ఊళ్లలో శుభలేఖలు కూర్చు డి.టి.పి. సెంటరు యజమానికిని, దస్తావేజులు వ్రాయు లేఖరికిని, పలకల వ్యాపారి దుకాణమున లెక్కలు వ్రాయు గుమాస్తాకును అట్టి యాధారము లేదు. యంత్రము తనదే, దాని పాలనము తనదే, పొరపాటు జరిగినచో నష్టమును తనదే. ఉన్న విండోసును ఉన్నట్లే యుంచుకొనవలెనా, క్రొత్తది యెక్కింపవలెనా యను నిర్ణయమును గూడ వారు తమంతట తామే చేసికొనవలసియున్నది. ఆ నిర్ణయమునకు ముందు తూచి చూడవలసిన విషయములను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

కీబోర్డుపై మీట నొక్కినపుడు ఆ నొక్కు అక్షరమై తెరపైకి వచ్చుటయు, వ్రాసినది హార్డ్‌డిస్కులో భద్రపడుటయు, ప్రింటరు కదలి కాగితమును వెలువరించుటయు, ఇంటర్నెట్టు నుండి సమాచారము లోనికి వచ్చుటయు ఆపరేటింగ్ సిస్టము పర్యవేక్షణముననే జరుగును. మనము నిత్యము వాడు, పుటలు కూర్చు పేజ్‌మేకరు, లెక్కలు వ్రాయు టాలీ, ఇంటర్నెట్టు చూపు క్రోము మొదలగు ప్రోగ్రాములన్నియు దానిని ఆశ్రయించి బ్రదుకునట్టివి. కావున దానిని మార్చుట యనగా దానిపై నిలిచిన సమస్తమును ఒక్కసారి కదల్చుట. పని నడుచుచున్న సిస్టమును ఊరక కదిలింపరాదని అనుభవజ్ఞులైన ఆపరేటర్లు చెప్పు మాటను నేను తేలికగా త్రోసివేయజాలను. అయితే ఆ మాట యెంతవరకు నిలుచునో పరీక్షింపవలసియున్నది.

పోషణము ముగిసినదనగా యంత్రము ఆగిపోయినదని యర్థము కాదు. మరునాడు ఉదయమున మీట నొక్కగానే ప్రతి విండోస్ 10 యంత్రమును యథాప్రకారము మేల్కొన్నది. వచ్చిన తేడా కంటికి కానరానిది. కోట్లకొలది పంక్తులతో నిర్మితమైన యింత పెద్ద ప్రోగ్రాములో లోపములు లేకుండుట అసంభవము. అవి బయల్పడుచునే యుండును. వానికి మైక్రోసాఫ్టువారు ప్రతి నెలయు రెండవ మంగళవారమున సవరణలు విడుదల చేయుచుందురు. గడువు తీరిన వ్యవస్థకు సాధారణముగా ఆ సవరణలు రావు. అంతకంటె విచారింపదగిన సంగతి యింకొకటి గలదు. క్రొత్త వ్యవస్థకు విడుదలైన సవరణను శోధించి, అది యే లోపమును పూడ్చుచున్నదో గ్రహించి, అదే లోపము పాత వ్యవస్థలో పూడక మిగిలియున్నదేమోయని వెదకి, ఆ మార్గమున చొరబడు దుర్మార్గులు లోకమున నున్నారు. కాలము గడచినకొలది పాత వ్యవస్థలోని లోపములు తగ్గవు. వానిని ఎరిగినవారి సంఖ్య మాత్రము పెరుగుచుండును.

పూడక మిగిలిన లోపము వలని కీడునకు నిదర్శనము మన రాష్ట్రముననే గలదు. 2017 మే 12వ తేదీన వాన్నాక్రై అను మాయదారి ప్రోగ్రాము ప్రపంచమున నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైబడిన యంత్రములలో ప్రవేశించి, వానిలోని ఫైళ్లకు తాళము వేసి, ఆ తాళము తీయుటకు బిట్‌కాయిన్ల రూపమున ధనము కోరినది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు గూడ కొన్ని దాని వాత బడినవి. ఇందు మనము శ్రద్ధగా గమనింపవలసిన దేమనగా, ఆ లోపమునకు సవరణను మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలలకు ముందే, మార్చి 14వ తేదీననే, విడుదల చేసియుండెను. దెబ్బతిన్నవానిలో అత్యధిక భాగము గడువు తీరిన విండోస్ ఎక్స్‌పీ యంత్రములు గావు. ఆనాటికింకను పోషణము గల విండోస్ 7 యంత్రములు. వచ్చిన సవరణను వేయించుకొనక మూలనుంచిన యంత్రములవి. నెట్టు ఖర్చగునని, సిస్టము నెమ్మదించునని అప్‌డేట్లను ఆపివేయు అలవాటు మన దుకాణములలో మిక్కుటముగా నున్నది. ఆ అలవాటు మానకుండ క్రొత్త విండోసును ఎక్కించినందువలన గలుగు రక్ష బహు స్వల్పము.

జాగు చేయుట చిన్నవారి దోషము మాత్రమే యని యెవ్వరును తలపరాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో గడువు ముగిసినను, దేశమున ఏ.టి.ఎం. యంత్రములనేకము దానిపైననే నడచుచుండగా, 2018 జూన్ నెలలో రిజర్వు బ్యాంకు కలుగజేసికొని మరుసటి సంవత్సరము జూన్ లోపల అన్నిటిని మార్చితీరవలెనని బ్యాంకులకు ఆజ్ఞ యిచ్చెను. ధనబలము, జనబలము గల సంస్థలకే ఐదేండ్లు పట్టిన పనిని మన వీధిలోని దుకాణదారు ఒక్క దినమున చేయలేదని నిందించుట న్యాయము గాదు.

ఇక పాతదానినే ఉంచుకొనువారి పక్షమును సానుభూతితో ఆలకింపవలెను. మన డి.టి.పి. ఆపరేటరు పాత విండోసును పట్టుకొని యుండుటకు బద్ధకము కారణము గాదు. అతని తెలుగు దానిలో నున్నది. తెలుగునాట అక్షరములు కూర్చు పని సీసపు టైపుల నుండి కంప్యూటరునకు మారిన కాలమున విండోసులో తెలుగు లేదు. లిపులన్నిటికి ఒకే సంకేతపద్ధతి యగు యూనికోడు 1991లో వెలువరించిన ప్రథమ ప్రమాణముననే మన లిపికి స్థానము లభించినను, విండోస్ 2000లో హిందీకిని, తమిళమునకును చోటు దొరకినను, తెలుగు మాత్రము 2001లో వచ్చిన ఎక్స్‌పీ వరకు వేచియుండవలసివచ్చెను. గౌతమి అను ఫాంటు దానితోడనే వచ్చినది. అంతవరకు పెండ్లిండ్లు ఆగునా, పత్రికలు ఆగునా? అనూ వంటి సంస్థలు ఆంగ్లాక్షరముల స్థానములలో మన తలకట్టును, గుడిని, కొమ్మును, వత్తును విడివిడి ముక్కలుగా అమర్చి ఫాంట్లను సిద్ధపరచినవి. వానికి పేజ్‌మేకరు చక్కని తోడయ్యెను. ఆ రెంటితో ఒక తరము ఆపరేటర్లు తెలుగు అచ్చును నిలబెట్టిరి. కనులు మూసికొనియు కూర్పు చేయగల వేగము వారి వ్రేళ్లకు అబ్బినది. ఆ విద్యను చులకనగా చూచువారు అచ్చుపని యెరుగనివారు.

అడోబీ సంస్థ 2001లో 7.0 సంచికను వెలువరించిన పిమ్మట పేజ్‌మేకరు అభివృద్ధిని నిలిపివేసి ఇన్‌డిజైను అను వేరొక ప్రోగ్రాము వైపు మరలినది. విండోస్ విస్టా మొదలుకొని తరువాతి విండోసులలో దేనికిని పేజ్‌మేకరు ఉద్దేశింపబడలేదు. అయినను శుభలేఖయు, పెద్దకర్మ కార్డును, రసీదు పుస్తకమును, దేవస్థానపు కరపత్రమును నేటికిని మన ఊళ్లలో అనేకచోట్ల దానిలోనే రూపొందుచున్నవి. క్రొత్త విండోసులో దానిని ఏదో యొక విధముగా నడుపుకొనువారును గలరు. కాని ఒక నెల అప్‌డేటు వచ్చి అది తెరచుకొననిచో అడుగుటకు ఎవ్వరును లేరు.

ఇందు అసలు చిక్కు పేజ్‌మేకరుది గాదు, ఫైలులో నున్న పాఠముది. అనూ ఫాంటుతో కూర్చిన ఫైలులో యంత్రమునకు తెలిసినంతవరకు ఉన్నవి ఆంగ్ల సంకేతములే. ఫాంటు వానికి తెలుగు రూపము తొడుగుచున్నది. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో వధూవరుల పేర్లు, ముహూర్తము, వేదిక అన్నియు అర్థము లేని అక్షరముల గుంపులై కనబడును. వెదకినచో దొరకవు, ఫోనునకు పంపినచో చదువబడవు. దీనికి రైలుమార్గపు పోలిక యొకటి చెప్పెదను. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గము ఒకప్పుడు మీటరు గేజిగా నుండెడిదని, గత శతాబ్ది చివరి సంవత్సరములలో బ్రాడ్ గేజి యైనదని మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో రైలెక్కిన పెద్దలకు జ్ఞాపకముండును. పట్టాల యెడము 1000 మిల్లీమీటర్ల నుండి 1676 మిల్లీమీటర్లకు పెరిగిన పిమ్మట పాత పెట్టెలు ఆ దారిని నడువజాలవు. సరుకును దించి క్రొత్త పెట్టెలలోనికి ఎక్కింపవలసినదే. అనూ లిపిలోని పాఠమును యూనికోడునకు మార్చుట సరిగా అట్టి పని. మార్చు సాధనములు గలవు. అవి వత్తులకడను, సంయుక్తాక్షరములకడను, విరామచిహ్నములకడను తప్పులు చేయును గనుక మార్చిన ప్రతి పుటయు మనుష్యుడు చదివి దిద్దవలెను. అది శ్రమతో గూడినదే. కాని ఏండ్ల తరబడి కూర్చిన స్థలపురాణములు, శతకములు, ఊరి చరిత్రలు, పాఠశాల సంచికలు ఒకానొక ఫాంటుతోపాటు అంతరించుట కంటె ఆ శ్రమ యెన్నో రెట్లు మేలు. ఆపరేటింగ్ సిస్టమును మార్చినను మార్చకున్నను ఈ పని మాత్రము వాయిదా వేయదగినది కాదని నా దృఢాభిప్రాయము.

క్రొత్త వ్యవస్థ కోరు అర్హతలను గూర్చి నాలుగు మాటలు. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు కనీసము 4 జీబీల ర్యామును, 64 జీబీల నిల్వస్థలమును, సెక్యూర్ బూటును, టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో స్థూలముగా ఎనిమిదవ తరము, అనగా 2017 తరువాతి కాలమునకు చెందినదై యుండవలెను. మన దుకాణములలో చేతులు మారి వచ్చిన యంత్రములు మిక్కిలి గలవు గనుక చాలవాటికి ఈ యర్హత యుండదు. కొన్నిటికి టీపీఎం ఉండియు, యంత్రపు మూల సెట్టింగులుండు బయోసులో ఆపివేయబడి యుండును. మైక్రోసాఫ్టువారు ఉచితముగా నిచ్చు పీసీ హెల్త్ చెక్ అను ప్రోగ్రామును నడిపినచో నిజము తెలియును. నిబంధనలను దాటవేసి ఎక్కించు ఉపాయములు తెలిసినవారు ప్రతి ఊరనుందురు. అట్లు ఎక్కించిన యంత్రమునకు అప్‌డేట్లు వచ్చునను హామీ లేదు. అప్‌డేట్ల కొరకే వ్యవస్థను మార్చుచు, అవే రాని విధమున మార్చుటలో ప్రయోజనము నాకు కనబడదు. విండోస్ 11 కేవలము 64 బిట్ల వ్యవస్థ యగుటచేత, పాత ప్రింటరునకు 32 బిట్ల డ్రైవరు మాత్రమే యున్నచో ఆ ప్రింటరు పలుకదు. పాత ప్రోగ్రాముతో వచ్చిన తాళపు డాంగిలు పారలల్ పోర్టునకు తగిలించునదైనచో దానికి క్రొత్త యంత్రమున చోటే యుండదు. వీనిని ముందుగా విచారించుకొనక వ్యవస్థను మార్చినవారు మరునాడు పని నిలిచి చింతించుదురు.

క్రాకు వేసిన దొంగ కాపీల సంగతి గూడ దాచక చెప్పవలెను. ఖరీదు భరింపలేక వానిని వాడువారి కష్టము నేనెరుగనిది కాదు. కాని భద్రతను తొలగించు ప్రోగ్రామును చేతులార ఎక్కించిన యంత్రమున, ఆ ప్రోగ్రాము వెంట ఇంకేమి లోనికి వచ్చినదో యజమానికి తెలియదు. అట్టి యంత్రమున బ్యాంకు పాస్‌వర్డు కొట్టుట మిక్కిలి సాహసము.

ఇన్ని విషయములు తూచిన పిమ్మట నిర్ణయమునకు నాకు కనబడిన ప్రమాణము ఒక్కటే: ఆ యంత్రము ఇంటర్నెట్టుతో కలిసియున్నదా, దానిలో పరుల కాగితములున్నవా? వ్యవస్థ వయస్సు ఈ రెండు ప్రశ్నల తరువాత విచారింపవలసిన విషయము.

నెట్ సెంటరు యంత్రమును తలచుకొనుడు. ఆధార్ కార్డుల నకళ్లు, పట్టాదారు పాసుపుస్తకముల పుటలు, విద్యార్థుల మార్కుల జాబితాలు, పింఛనుదారుల బ్యాంకు సంఖ్యలు దినమంతయు దానిగుండ ప్రవహించుచుండును. నల్లమల యంచున నున్న పల్లె నుండి బస్సు దిగివచ్చిన వృద్ధురాలు తన కాగితములను ఆ మేజాపై పెట్టుచున్నది. ఆ యంత్రములో ఏ విండోసున్నదో ఆమె యడుగదు, అడుగజాలదు. ఆమె తరపున అడుగవలసినవాడు యజమానియే. అట్టి యంత్రమున గడువు తీరిన వ్యవస్థను ఉంచుట పరుల సొత్తును తలుపులేని గదిలో పెట్టుట. ఇచ్చట సందేహమునకు తావు లేదు: మార్చవలసినదే. మార్చకున్నను కాలమే మార్పించును. క్రోము బ్రౌజరు 2023 ఫిబ్రవరిలో విండోస్ 7ను, 8.1ను విడిచిపెట్టినది, ప్రభుత్వపు వెబ్‌సైట్లు ఒక్కొక్కటిగా పాత బ్రౌజర్లలో తెరచుకొనుట మానుచుండును.

శుభలేఖలు కూర్చు యంత్రము సంగతి వేరు. దానికి నెట్టు అక్కరలేదు. దాని తీగను ఊడబెరికి, వైఫైని ఆపివేసి, పేజ్‌మేకరునకును అనూ ఫాంట్లకును మాత్రమే దానిని కేటాయించినచో, ఎక్స్‌పీయైనను విండోస్ 7 ఐనను అది నడచినంతకాలము నడువనీయవచ్చును. ఫైళ్లు తెచ్చుటకును కొనిపోవుటకును ఒక పెన్‌డ్రైవును ప్రత్యేకించి, క్రొత్త యంత్రమున పరీక్షించిన పిమ్మటనే దానికి తగిలింపవలెను. పనికి వచ్చువారు తెచ్చు పెన్‌డ్రైవులను నేరుగా అందు పెట్టరాదు. యంత్రము రెండవది లేనివారికి వర్చువల్‌బాక్సు వంటి ప్రోగ్రాము గలదు. దాని సాయమున క్రొత్త వ్యవస్థలోపల పాత విండోసును, నెట్టు సంబంధము లేకుండ, ఒక కిటికీలో నడుపుకొనవచ్చును. పాతదానిని కాపాడుకొనవలెనను కోరికయు, పరుల కాగితములను కాపాడవలెనను ధర్మమును ఇట్లు ఒకదాని కొకటి అడ్డురాకుండ నెరవేరును.

యంత్రమునకు విండోస్ 11 అర్హత లేక, క్రొత్తది కొను శక్తియు లేనివారికి దారులు రెండున్నవి. వ్యక్తిగతముగా వాడుకొను విండోస్ 10 యంత్రములకు మైక్రోసాఫ్టు భద్రతా సవరణలను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించినది. యంత్రమును మైక్రోసాఫ్టు ఖాతాకు జతచేసి, సెట్టింగులను అందు భద్రపరచుకొనువారికి ఇది రుసుము లేకయే లభించును. ఇది ఊపిరి పీల్చుకొనుటకు దొరకిన వ్యవధి మాత్రమే. రెండవ దారి లినక్సు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్‌లాండు విద్యార్థి ప్రారంభించిన ఆ వ్యవస్థ నేడు ధర చెల్లింపక యెవ్వరైనను వాడుకొనదగినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగులోనికి తెచ్చుటకు చిరకాలము పాటుపడిరి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి దానిపైననే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. పాత యంత్రమున సైతము లినక్సు మింటు వంటిది తేలికగా నడచును. లిబ్రె ఆఫీసులో తెలుగున ఉత్తరములు వ్రాయవచ్చును, లెక్కలు వేసికొనవచ్చును. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లును, తరువాతి కాలమున వెలువడిన మండలి, రామభద్ర, సూరన్న మొదలగునవియు యూనికోడు ఫాంట్లే గనుక ఏ వ్యవస్థలోనైనను ఒక్కటే విధముగా పనిచేయును. పేజ్‌మేకరు మాత్రము లినక్సుకై పుట్టినది కాదు; కార్డుల పని జీవనాధారమైనవారు పేజ్‌మేకరు అందు నడచునని నమ్ముకొని లినక్సునకు దూకరాదు. అర్జీలు, ఫారములు, ఉత్తరములు మాత్రమే చేయువారికి, విద్యార్థులున్న ఇండ్లకు లినక్సు నిస్సంశయముగా తగినది.

మార్చ నిశ్చయించినవారు కాలమును ఎంచుకొనుటలో తొందరపడరాదు. మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసములలో ముహూర్తములు వరుసగా నుండును. కార్డుల పని నెత్తిమీద నున్నపుడు సిస్టమును ఫార్మాటు కొట్టించుట అవివేకము. ఆషాఢమాసము గాని, పుష్యమాసము గాని, మూఢమి దినములు గాని యిందుకు అనుకూలములు. పెండ్లిండ్లుండవు, చేతికి తీరిక యుండును. లెక్కలు వ్రాయువారు మార్చి నెల దాటనీయవలెను. ఎక్కించుచుండగా మధ్యలో కరెంటు పోయినచో వ్యవస్థ సగములో నిలిచి యంత్రము తెరచుకొనకపోవచ్చును. కావున యూపీఎస్సు బ్యాటరీ నిలుచుచున్నదో లేదో ముందే పరీక్షించుకొనుడు. హార్డ్‌డిస్కు పాతదైనచో ఈ సందర్భముననే ఎస్.ఎస్.డి. అను వేగపు డిస్కును వేయించుకొనుట మేలు, చాలచోట్ల యంత్రము నెమ్మదించుటకు విండోసు కంటె ఆ డిస్కే కారణము.

మార్చనివారికిని మార్చువారికిని నేను చేయు విన్నప మొక్కటే. ఈ వారములోనే మీ ఫైళ్లన్నిటిని ఫాంట్లతోను, ప్రింటరు డ్రైవర్లతోను, ప్రోగ్రాముల సీరియల్ సంఖ్యలతోను సహా బయటి హార్డ్‌డిస్కుపైకి ఎక్కింపుడు. మరియొక నకలును ఇంకొకచోట దాచుడు. పిదప ఆ నకలును వేరొక యంత్రమున తెరచి, పాత శుభలేఖ యొకటి అక్షరము పోకుండ కనబడుచున్నదో లేదో కన్నులార చూచుకొనుడు. అది కనబడిన పిమ్మటనే యే విండోసు గూర్చియైనను ఆలోచింపుడు.